మూరెడు పట్టు, నాలుగు నాడాలు: చైనా వారసత్వం నుంచి లోదుస్తుల బ్రాండు

మూర కంటే కాస్త తక్కువ ఉండే చతురస్రపు పట్టుగుడ్డ. ఒక మూల పైకి వచ్చేలా తిప్పి, ఆ మూలను కొద్దిగా కత్తిరిస్తే మెడ కింద అంచు వస్తుంది. ఆ అంచు రెండు కొసలకూ రెండు నాడాలు, పక్క మూలలకు మరో రెండు. మెడ వెనక ఒక ముడి, నడుము వెనక ఒక ముడి. కింది మూల బొడ్డు దాటి దిగుతుంది, వీపంతా ఖాళీ. చైనాలో మింగ్, చింగ్ రాజవంశాల కాలం నుంచి ఆడవాళ్లు, పసిపిల్లలు, కొన్నిచోట్ల మగవాళ్లు కూడా లోపల కట్టుకున్న 'దుదౌ' ఇంతే. పేరుకు అర్థం కూడా పొట్టకు కట్టే గుడ్డ అనే.

చైనా వారసత్వం పేరు చెప్పి సొంతంగా లోదుస్తుల బ్రాండు పెట్టాలనుకునే డిజైనర్లు ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఈ గుడ్డ దగ్గరికే వస్తారు. ఇప్పుడు మనకు తెలిసిన బ్రా పడమటి దేశాల సరుకు. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ పేటెంటు పొందిన నమూనా నుంచి దాని కథ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. మరి మాకంటూ ఏముంది అని వెతికితే దుదౌ కనిపిస్తుంది. కనిపించాక అందులోంచి ఏం తీసుకోవాలి అన్న దగ్గర దారులు చీలతాయి. చాలామంది దాని మీది బొమ్మల్ని తీసుకుంటారు: ఎరుపు రంగు, తామరపువ్వు, జంట బాతులు, డ్రాగన్. కొద్దిమంది దాని కోతను తీసుకుంటారు. చిన్న బ్రాండు బతికి బట్టకట్టే అవకాశం ఈ రెండో దారిలోనే ఎక్కువ. దీనికి కారణం సౌందర్యంలో కొంత, సరుకు నిల్వల లెక్కలో అంతకంటే ఎక్కువ ఉంది.

ముందు చరిత్ర కొంచెం. ప్రచార పత్రాలు రాసినట్టు ఒకే వస్త్రం వేల ఏళ్లు చెక్కుచెదరకుండా రాలేదు. హాన్ కాలంలో పొట్టను చుట్టే 'బావోఫు', తాంగ్ కాలంలో నాడాలు లేకుండా రొమ్ము చుట్టూ బిగించే 'హెజ్', సోంగ్ కాలంలో 'మోషియోంగ్', మింగ్ కాలంలో ముందు గుండీలతో నడుముకు పట్టినట్టుండే 'జుయావ్' ఉండేవి. దుదౌ ఈ వరుసలో చివరిది. హెజ్‌ను తాంగ్ చక్రవర్తి ప్రియురాలు యాంగ్ గ్వేఫేయ్ రొమ్ము మీది గీతలు దాచుకోవడానికి కనిపెట్టిందని ఒక కథ ఉంది. తర్వాతి కాలం వాళ్లు అల్లిన కథే అయినా అమ్మకాల పేజీల్లో చరిత్రగా చలామణి అవుతోంది. కథ కంటే గట్టి ఆధారం మట్టిలో దొరికింది. ఫుజౌ నగరంలో 1975లో తవ్విన, సోంగ్ కాలపు యువతి హువాంగ్ షెంగ్ సమాధిలో, 1243లో చిన్న వయసులోనే చనిపోయిన ఆమెతోపాటు మూడు వందలకు పైగా పట్టు వస్త్రాలు, గుడ్డలు బయటపడ్డాయి. అందులో ఒక పలుచని పైవస్త్రం బరువు 16.7 గ్రాములు. మోషియోంగ్ కూడా వాటిలో ఉంది. పట్టును ఒంటికి అంటీ అంటనట్టు తయారు చేయడం వాళ్లకు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందటే చేతనయ్యింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ దారి ఒక్కసారిగా తెగింది. బిగుతుగా కుట్టిన చిన్న చొక్కాతో, వరుసగా గుండీలు పెట్టి, రొమ్మును చదునుగా అదిమేసే అలవాటు పట్టణాల్లో పాకింది. 1927లో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతీయ ప్రభుత్వం జు జియాహువా అనే అధికారి ప్రతిపాదనతో దాన్ని నిషేధించింది. పత్రికలు దీనికి 'సహజ రొమ్ము ఉద్యమం' అని పేరు పెట్టాయి. పాదాలు బిగించి కట్టే ఆచారం మీద పోరాడినవాళ్ల వరసలోనే ఇదీ సాగింది. ఆ ఖాళీలోకి షాంఘై దుకాణాల మీదుగా పడమటి బ్రా దిగింది. ఒంటికి అతుక్కునే చిపావ్ గౌను కింద దుదౌ ముడతలు పడుతుంది, బ్రా పడదు. అలా దుదౌ పల్లెలకు, పసిపిల్లలకు, టీవీలో రాజుల కాలం నాటకాలకు పరిమితమైంది.

ఇక కోత సంగతి. చతురస్రాన్ని మూలకు తిప్పి కట్టుకున్నప్పుడు గుడ్డలోని పడుగూ పేకా శరీరానికి నిలువుగా, అడ్డంగా ఉండవు. రెండూ ఏటవాలుగా, నలభై అయిదు డిగ్రీల కోణంలో పడతాయి. నేతగుడ్డ పడుగు వైపు లాగినా పేక వైపు లాగినా సాగదు, ఏటవాలుగా లాగితే సాగుతుంది. మన దర్జీలు జాకెట్టుకు క్రాస్ కటింగ్ వేసేది ఈ గుణం కోసమే. అందుకని ఎలాస్టిక్ పోగు ఒక్కటీ లేకుండానే దుదౌ రొమ్ము మీద ఒదిగి, ఊపిరి తీసినప్పుడు కొద్దిగా సాగి, మళ్లీ సర్దుకుంటుంది. దీనికో లోపమూ ఉంది. ఏటవాలు గుడ్డ వాడగా వాడగా జారి సాగిపోతుంది. పాత దుదౌల అంచు చుట్టూ వేరే రంగు పట్టీ కుట్టి ఉండటం చూస్తాం. చూపరులకు అది అలంకారం, కుట్టినవాళ్లకు అది గుడ్డ సాగకుండా పట్టి ఉంచే కట్టు. కొత్త డిజైనర్లు సొగసు కోసం ఆ పట్టీ తీసేసి అంచును సన్నగా మడిచి కుడతారు. పది ఉతుకులకు పక్క మూలలు చెవుల్లా వేలాడతాయి.

లెక్కలు చూద్దాం. పట్టును చైనా, జపాన్ వ్యాపారులు 'మొమ్మె'ల్లో తూస్తారు. ఒక మొమ్మె అంటే చదరపు మీటరుకు దాదాపు 4.34 గ్రాములు. మంచి లోదుస్తులకు వాడే 19 మొమ్మెల పట్టు చదరపు మీటరుకు 82 గ్రాములు తూగుతుంది. 38 సెంటీమీటర్ల చతురస్రం కోస్తే ఒంటి పొర దుదౌ బరువు పన్నెండు గ్రాములు. పట్టు తాను వెడల్పు 114 సెంటీమీటర్లయితే అడ్డంగా సరిగ్గా మూడు ముక్కలు పడతాయి. 114 సెంటీమీటర్ల పొడవుకు తొమ్మిది. మెడ దగ్గర కత్తిరించే చిన్న మూల తప్ప వృథా లేదు, ఆ ముక్కల్నీ నాడాలకో జేబుకో వాడుకోవచ్చు. బ్రా కప్పు ముక్కలన్నీ వంపులే. ఎంత నేర్పుగా పరిచినా మధ్యలో సందులు మిగిలి, ఖరీదైన పట్టు చెత్తబుట్టలోకి పోతుంది.

ఇంతకంటే పెద్ద తేడా సైజుల్లో ఉంది. చైనాలో బ్రా కొలత రొమ్ము కింది చుట్టుకొలత సెంటీమీటర్లలో, పక్కన కప్పు అక్షరం: 75ఎ, 75బి అలా. పై చుట్టుకొలతకూ కింది చుట్టుకొలతకూ తేడా పది సెంటీమీటర్లయితే ఎ, పన్నెండున్నర అయితే బి, పదిహేను అయితే సి. నాలుగు చుట్టుకొలతలు, నాలుగు కప్పులు అనుకుంటే పదహారు సైజులు. మూడు రంగులైతే నలభై ఎనిమిది రకాలు. రకానికి ముప్పై చొప్పున కుట్టించినా 1,440 బ్రాలు గోదాములో కూర్చుంటాయి. 75బి అయిపోతుంది, 85ఎ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఒక్కో బ్రాలో ఇరవైకి పైగా విడిభాగాలు ఉంటాయి: కప్పు కింద ఉండే తీగ, తీగకు గొట్టం, హుక్కులు, సర్దుబాటు రింగులు, రెండు మూడు రకాల ఎలాస్టిక్. ప్రతి దాన్నీ గుడ్డ రంగుకు సరిపోయేలా అద్దించాలంటే అద్దకంవాళ్లు కనీసం ఇంత అని షరతు పెడతారు. బయటి పెట్టుబడి లేని బ్రాండ్లు దెబ్బతినేది ఇక్కడే. డిజైను బాగున్నా సైజుల గోదాము బరువుకు మూతబడేవి ఉంటాయి.

దుదౌకు ఈ బాధ లేదు. ముడి వేసుకునే మనిషే సైజు నిర్ణయిస్తుంది. ఒకటి, మహా అయితే రెండు కొలతలు. చైనాలో 2016లో మొదలైన యూబ్రాస్ సైజు లేని, తీగ లేని సాగే బ్రాతోనే పెద్ద బ్రాండుగా ఎదిగింది. 2012లో షాంఘైలో పుట్టిన నేయ్‌వాయ్ కూడా తీగ లేని మెత్తటి దుస్తులతోనే పేరు తెచ్చుకుంది. ఈ రెండూ దుదౌ మీద కట్టిన బ్రాండ్లు కావు. వాటి సరుకు సాగే అల్లికగుడ్డ మీద, అంటే ఆధునిక పోగుల సాంకేతికత మీద ఆధారపడింది. కానీ అవి విజయవంతమైన చోటు మాత్రం దుదౌ ఎప్పుడో నిలబడిన చోటే: కొలతకు ఒళ్లు సరిపోవాలని అడగని దుస్తు. మన దగ్గర పెద్దవాళ్లు ముందు ముడేసుకునే రవికల్లోనూ ఇదే తెలివి ఉండేది. గర్భం వచ్చినా, ఒళ్లు చేసినా, తగ్గినా అదే రవిక.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. దుదౌ రొమ్మును కప్పుతుంది, మోయదు. బరువైన రొమ్ము ఉన్న మనిషి దాంతో రోజంతా పని చేయలేదు, పరుగెత్తలేదు. మెడ నాడా మీద బరువంతా పడి మెడ పట్టేస్తుంది. వారసత్వం పేరుతో 'అన్ని శరీరాలకూ ఒకటే' అని రాయడం కొందరు కొనుగోలుదారులకు అబద్ధం చెప్పడమే. నిజాయితీగా చేసేవాళ్లు దీన్ని ఇంట్లో, నిద్రకు, పలుచని కోటు కింద పైవస్త్రంగా అమ్ముతారు. లేదంటే లోపల మెత్తటి అల్లిక పట్టీ ఒకటి దాచి, నడుము ముడికి ఆ పట్టీని కలిపి, బరువును మెడ నుంచి పక్కటెముకల మీదికి దింపుతారు. పాత కోతకూ కొత్త గుడ్డకూ ఇలా సంధి కుదర్చడంలోనే అసలు డిజైనరు పనితనం తెలుస్తుంది. బాతుల బొమ్మ ఎవరైనా ముద్రించగలరు.

బొమ్మలంటే చులకన అక్కర్లేదు. వాటి అర్థం తెలియకుండా వాడటమే చిక్కు. చాంద్రమానం అయిదో నెల అయిదో రోజున వచ్చే దువాన్‌వూ పండగకు పిల్లల దుదౌ మీద పాము, తేలు, జెర్రి, కప్ప, బల్లి కుట్టేవారు. ఎండలు ముదిరి పురుగూ పుట్రా బయటికి వచ్చే కాలం అది. విషాన్ని విషం బొమ్మతోనే తరమాలని నమ్మకం. పిల్లలకు దిష్టిచుక్క పెట్టే మనకు ఈ తర్కం కొత్తగా ఏమీ అనిపించదు. పెళ్లికూతురి దుదౌ మీద తామరలో కూర్చున్న పసివాడు సంతానం కోరిక. ముసలివాళ్ల దుదౌకు లోపల జేబు ఉండేది. పొట్టకు చలి తగలకుండా అందులో అల్లమో మూలికలో పెట్టేవారు. ఆ గుడ్డకు మొదటి పని కాపాడటం. అది శృంగార వస్త్రం కావడం తర్వాతి సంగతి, అదీ చూసేవాడి కంటితో.

ఈ చూపే బ్రాండుకు పెద్ద తలనొప్పి. జియాంగ్సు రాష్ట్రంలోని గ్వాన్‌యున్ జిల్లా శృంగార లోదుస్తుల తయారీకి పెట్టింది పేరు. అక్కడినుంచి ప్రపంచమంతటికీ పోయే చవక ప్యాకెట్లలో ఎర్రటి నైలాన్ దుదౌ ఒక స్థిర అంశం. వెతికినవాళ్లకు ముందు కనిపించేది అదే. ఇంకోవైపు పడమటి ఫ్యాషన్ దుదౌను ఎప్పటికప్పుడు వింతగా కనిపెడుతూ ఉంటుంది. 2000 వసంతకాలపు ప్రదర్శనల్లో ఇటలీ బ్రాండ్లు వెర్సాచే, మియు మియు దాన్ని పార్టీ దుస్తుగా వేదికెక్కించాయి. వీపు ఖాళీగా ఉన్న పైవస్త్రంగా అది ప్రపంచానికి తెలిసింది, పేరు మాత్రం తెలియలేదు. ఒకరి దుస్తును మరొకరు తమ డిజైనుగా చెప్పుకుంటే ఇప్పుడు ఊరుకోవడం లేదు. 2022 జూలైలో ఫ్రెంచి బ్రాండు డియోర్ ఒక లంగాను తమ ముద్రగా వర్ణిస్తే, అది మింగ్ కాలపు 'గుర్రపుముఖం' అనే కుచ్చిళ్ల లంగా అని పారిస్‌లో ఆ దుకాణం ముందే చైనా విద్యార్థులు నిరసనకు దిగారు. ఆ కోపం దేశంలో లంగా తయారీదారులకు కొన్నేళ్లపాటు గిరాకీ తెచ్చింది.

'గ్వోచావ్', అంటే దేశీయ ఫ్యాషన్ కెరటం, 2018లో న్యూయార్క్ ఫ్యాషన్ వారంలో చైనా క్రీడాదుస్తుల బ్రాండు లీ-నింగ్ ప్రదర్శనతో ఊపందుకుంది. దాని మీద ఎక్కి తేలిగ్గా సరుకు అమ్మినవాళ్లు చాలామందే ఉన్నారు. లోదుస్తులకు మాత్రం ఆ కెరటం అంతగా అందలేదు. గుర్రపుముఖం లంగా వీధిలో కనపడుతుంది, ఫొటోల్లో పడుతుంది. లోదుస్తు దేశభక్తిని ఎవరు చూస్తారు? చూపించాలన్నా చిక్కే. చైనా లైవ్ అమ్మకాల వేదికలు ఆడవాళ్లు లోదుస్తులు వేసుకుని చూపిస్తే ప్రసారం ఆపేస్తాయి. అందుకని 2023 ప్రారంభంలో కొన్ని కంపెనీలు మగవాళ్లకు పట్టు గౌన్లు, లోదుస్తులు తొడిగి అమ్మించాయి. ఆ వీడియోలు చూసి ప్రపంచం నవ్వుకుంది, నిబంధన అలాగే ఉంది. కోటు కింద పైవస్త్రంగా వేసుకోదగ్గ దుదౌకు ఇక్కడ చిన్న వెసులుబాటు దొరుకుతుంది.

బొమ్మ కుట్టించాలనుకుంటే ముందు చూడాల్సింది వెనక వైపు. గోడకు తగిలించే పటానికి ముందువైపు అందంగా ఉంటే చాలు. ఒంటికి తగిలే గుడ్డకు వెనకవైపు దారపు ముళ్లు, వదిలేసిన పోగులు ఉంటే మధ్యాహ్నానికల్లా చర్మం ఎర్రబడుతుంది. సుజౌ నగరపు కుట్టుపనిలో రెండువైపులా ఒకేలా కనిపించే పద్ధతి ఒకటుంది. దారాన్ని చీల్చి చీల్చి వెంట్రుక కంటే సన్నగా చేసి, ముడి ఎక్కడా కనపడకుండా దాచేస్తారు. ప్రదర్శన కోసం పుట్టిన ఈ నేర్పు లోదుస్తులకు సహజంగా అతుకుతుంది. ధరే అతకదు. చేతిపని పువ్వు ఒక్కటి రోజులు తినేస్తుంది, గుడ్డ మాత్రం వేసుకున్న ప్రతిసారీ ఉతకాలి. మధ్యే మార్గంగా కుట్టుపనిని మెడ దగ్గరి చిన్న పట్టీకో, తీసి పెట్టుకోదగ్గ జేబుకో పరిమితం చేయవచ్చు. పాత దుదౌ జేబు ఇలా మళ్లీ పనికొస్తుంది.

గుడ్డ ఎంపికలో ఆసక్తికరమైనది ఇంకొకటి: గ్వాంగ్‌డాంగ్‌లోని షుండే ప్రాంతపు 'షియాంగ్‌యున్‌షా'. పలుచని పట్టును ఒక రకం అడవి దుంప రసంలో ముంచి, గడ్డి మీద పరిచి ఎండబెట్టి, మళ్లీ ముంచి, ఇలా పదులసార్లు చేస్తారు. చివర్న ఇనుము ఎక్కువగా ఉన్న నది బురదను ఒకవైపు పూస్తారు. దుంపలోని వగరు, బురదలోని ఇనుము కలిసి ఆ వైపు నిగనిగలాడే నలుపు అవుతుంది, రెండోవైపు ఇటుక గోధుమరంగులో మిగులుతుంది. నల్లని వైపు నీళ్లను అంత తేలిగ్గా పీల్చదు, చెమటకు ఒంటికి అంటదు, ఉతికితే త్వరగా ఆరుతుంది. కొత్తలో కొంచెం బిరుసు, నడిస్తే గలగల శబ్దం. వాడేకొద్దీ మెత్తబడుతుంది. ఈ అద్దకాన్ని 2008లో చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. ఉక్కపోత దేశాలకు ఇంతకంటే సరైన లోదుస్తు పట్టు దొరకడం కష్టం. అయినా దీన్ని ఎక్కువగా మధ్యవయసు ఆడవాళ్ల గౌన్లకే వాడుతున్నారు. పెద్ద ఫ్యాక్టరీ దీన్ని ముట్టుకోదు, ఎండ మీద ఆధారపడే గుడ్డకు సరఫరా తేదీ ఇవ్వలేరు కాబట్టి. ఏడాదికి కొన్ని వందల ముక్కలు చేసే చిన్న బ్రాండుకు అదే అనుకూలత.

ఆ పెద్ద ఫ్యాక్టరీల నీడ ఎలాంటిదో తెలియాలంటే షాంతౌ నగరం పక్కన గురావ్ పట్టణం చూడాలి. అక్కడ ఏటా ఇరవై కోట్లకు పైగా బ్రాలు తయారవుతున్నాయని 2010లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ రాసింది. నది రంగు మారిన ఫొటోలు కూడా ఆ నివేదికతోనే వచ్చాయి. హుక్కు, తీగ, ఎలాస్టిక్ కావాలంటే చిన్న బ్రాండు కూడా ఇలాంటి చోట్లకే పోవాలి. తప్పించుకునే మార్గం ఆ విడిభాగాలు అక్కర్లేని దుస్తును కుట్టడం. మళ్లీ నాలుగు నాడాల దగ్గరికే వచ్చాం.

చట్టాల సంగతి క్లుప్తంగా. చైనాలో ట్రేడ్‌మార్కు ముందు దాఖలు చేసినవాళ్లదే, పదేళ్లు చెల్లుతుంది. విదేశంలో పేరు తెచ్చుకుని ఇంటికొచ్చేసరికి ఆ పేరు ఇంకొకరి సొత్తయి ఉండటం అరుదేమీ కాదు. దుదౌ ఆకారం అందరిదీ, దాని మీద ఎవరికీ హక్కు రాదు. దాచిన పట్టీ కట్టుబడి లాంటి కొత్త సంగతులకైతే పేటెంటు ప్రయత్నించవచ్చు. రూపానికి ఇచ్చే డిజైను పేటెంటు 2021 జూన్ నుంచి పదిహేనేళ్లు చెల్లుతుంది. చర్మానికి తగిలే వస్త్రాలు జాతీయ భద్రతా ప్రమాణంలో బి తరగతి: కిలో గుడ్డలో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం 75 మిల్లీగ్రాములు దాటకూడదు. పసిపిల్లల దుదౌకు ఆ పరిమితి 20. ఇక బయటి దేశాలకు ఒక్కో ప్యాకెట్టు పంపి బతికే బ్రాండ్లకు 2025 మే 2 పెద్ద దెబ్బ. 800 డాలర్ల లోపు ప్యాకెట్లకు సుంకం లేని సౌకర్యాన్ని చైనా సరుకుకు అమెరికా ఆ రోజుతో ఎత్తేసింది. దాంతో విదేశీ కొనుగోలుదారుకు నచ్చేలా డ్రాగన్ బొమ్మలు వేసినవాళ్లు ఇంటి గిరాకీ వైపు తిరగక తప్పలేదు.

ఇంటి గిరాకీలో ఏ ప్రచారమూ అక్కర్లేని వారసత్వం ఒకటి బతికే ఉంది. పన్నెండేళ్ల జంతుచక్రంలో తాము పుట్టిన జంతువు ఏడు మళ్లీ వచ్చినప్పుడు కీడు తగలకుండా ఎర్రటి లోదుస్తులు వేసుకోవాలని చైనాలో ఆచారం. కొత్త సంవత్సరానికి ముందు తల్లులు కొని పిల్లలకు పంపుతారు. ఏటా జనాభాలో పన్నెండో వంతు కొనుగోలుదారులు కొత్తగా తయారవుతారు. 2026 ఫిబ్రవరి 17న గుర్రం ఏడు మొదలైంది, 2027 ఫిబ్రవరి 6న మేక ఏడు వస్తుంది. సూపర్‌మార్కెట్లు ఆ నెలల్లో ఎర్రటి బనియన్లు, చెడ్డీలు గుట్టలుగా పోస్తాయి. వాటి ధరతో పోటీ పడలేని చిన్న బ్రాండుకు పోటీ రంగులోనే ఉంది. ఎరుపు మహా మొండిది. సరిగా అద్దకపోతే చెమటకు దిగి, నడుం చుట్టూ గులాబీ చార మిగులుస్తుంది. చెమటకు, రాపిడికి రంగు ఎంత నిలుస్తుందో కూడా బి తరగతి పరీక్షలో ఉంటుంది. సన్నపట్టు మీద ముదురు ఎరుపును ఆ పరీక్ష దాటించాలంటే అద్దకంవాళ్లు ఒకటికి రెండుసార్లు కడగాలి, నమూనాలు తిరిగి పంపాలి. ఫిబ్రవరిలో మేక ఏడుకు సరుకు దుకాణంలో ఉండాలంటే వేసవి ముగిసేలోపే ఎరుపు తాను అద్దకానికి వెళ్లాలి.